ఇప్పచెట్టు కింద బూడిద

టప్... టప్...

ఇప్పపువ్వు రాలుతోంది. తెల్లగా, మెత్తగా, తేనె బరువుతో.

నల్లటి నేల మీద రాలుతోంది.

ఆ నేలను నల్లగా చేసింది కైలాసం.

చెట్టు అతని చేను గట్టున ఉంది. చెట్టు మొదట్లో, మట్టిలో, కొమురవ్వ ఉంది.

కొమురవ్వ అతని బిడ్డ. నడక నేర్చిన ఏడాదే అమ్మతల్లి పోసి చనిపోయింది. పసిపిల్లలను కాల్చరు, మట్టికే ఇస్తారు. అతనే తవ్వాడు. అతనే పూడ్చాడు.

అప్పటి నుంచి అతని భార్య దేవవ్వ మాట తగ్గించింది. జొన్నగటుక వండి పిలిచేందుకు ఒక మాట, గొడ్డు గురించి ఒకటి, వాన గురించి ఒకటి. గటుక అయింది. బర్రె ఈనింది. మబ్బు పట్టింది. అంతే. బిడ్డ పేరు మాత్రం ఆమె నోట రాలేదు. అతనూ ఎత్తలేదు. ఎత్తితే ఆమె పగిలిపోతుందని... పగిలేది ఆమెనో, తానో.

ముసురు రోజుల్లో అహరోను సారు వచ్చాడు. మంచిర్యాలలో రైలు దిగి, ఎడ్లబండి మీద. అడవిలో జరిమానాలు వేసే జంగలాత్ మనిషేమోనని ఊరు మొదట తలుపులు వేసుకుంది. కాదు. మిషను బడిలో మొదలుపెట్టి హైదరాబాదు యూనివర్సిటీ దాకా పోయిన మనిషి. చెట్టు మట్టిలోంచి ఏం తీసుకుంటుంది, ఆకు రాల్చి ఏం తిరిగి ఇస్తుంది — అదీ ఆయన చదువు.

ఇప్పచెట్టు కింద గూటాలు దిగ్గొట్టి తాడు కట్టాడు. తాడు లోపల రాలిన ఆకును తూచేవాడు. కొమ్మల నుంచి కారిన వాన నీళ్లు సీసాల్లో పట్టేవాడు. ఆకులు ఏరడానికి దేవవ్వను కూలికి పెట్టుకున్నాడు.

"ఈ ఏడు గీ చెట్టు కింద కాల్చకు కైలాసం. ఆకు మట్టిల ఎట్ల కలుస్తదో సూడాలె."

కైలాసం తలూపాడు. ఎండాకాలం మొదట్లో, కాముని పున్నమి దగ్గర పడితే ఇప్పచెట్ల కింద ఎండుటాకు కాల్చడం వాళ్ల తాతల నాటి అలవాటు. నేల శుభ్రమైతే రాలిన పువ్వు కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. ఒక్క ఏడుకు మానితే ఏం పోయింది అనుకున్నాడు.

తరువాత ఒకనాడు జొన్నచేలో ఉండగా దేవవ్వ గొంతు వినబడింది.

"బొక్కల ఉండేది గూడ చెట్టుకెక్కుతదా సారూ?"

"ఎక్కుతదక్కా. ఎముకల ఉండే భాస్వరం అంటరు దాన్ని. బొక్క కరిగి మట్టికి, మట్టి నుంచి వేరుకు, వేరు నుంచి ఆకుకు, పువ్వుకు. నిదానంగ. ఎటూ పోదు. తిరుగుతుంటది."

గాలి ఆగింది. జొన్న కంకులు ఆగాయి.

"మా కొమురవ్వ గీడనే ఉన్నది సారూ."

కైలాసం చేతిలో కొడవలి ఆగింది.

ఆ పేరు. తాను పెట్టిన పేరు. తన అవ్వ పేరు. పరాయి మనిషి ముందు రాలింది... పండిన ఆకు రాలినట్టు, ఎవరూ తెంపకుండానే.

ఆ తరువాత దేవవ్వ మాట్లాడింది. ఎడ్లతో మాట్లాడింది. చెట్టుతో మాట్లాడింది. ఇంటికి వస్తే — గటుక అయింది.

కల్లు దగ్గర తోటి రైతు లచ్చయ్య నవ్వాడు. "ఏందిరా కైలాసం, మీ ఇంటామెకు నోరొచ్చిందట గదా. పట్నం సారు ఏం మందు పోసిండు? మా ఇంటామెది జర బందుగావాలె, దానికి గూడ ఉన్నదేమో అడుగు."

అందరూ నవ్వారు. కైలాసం కూడా నవ్వాడు. కల్లు చేదయింది.

సారు మనసులో ఏమీ లేదు. అక్కా అంటాడు, తల వంచి తన పని చేసుకుంటాడు. కైలాసానికి అది తెలుసు. తెలిస్తే మంట ఆరుతుందా?

సీసాల మీద కుళ్లుకున్నాడు. తాడు మీద కుళ్లుకున్నాడు. ఆమె వేళ్లకు అంటిన ఆకు పొడి మీద కుళ్లుకున్నాడు. ఆఖరికి చెట్టు మీద — తన బిడ్డను తనకంటే దగ్గరగా ఎత్తుకున్నందుకు.

కాముని పున్నమి దగ్గర పడింది. మొగ్గలు ఉబ్బాయి.

పొద్దు పొడుస్తుండగా నిప్పు పెట్టాడు. దాక్కుని కాదు. ఏటా పెట్టే నిప్పే, ఏటా పెట్టే చోటే. ఎవరైనా అడిగితే అదే చెబుదామనుకున్నాడు.

తాడు కాలింది. గూటాలు కాలాయి. సారు తూచిన ఆకు, సీసాల్లో పట్టిన వాన, అన్నీ కలిసి ఒకటే పొగ.

సారు వచ్చాడు. కైలాసం తిట్టు కోసం నిలబడ్డాడు, దెబ్బకు వీపు చూపినట్టు.

సారు మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చున్నాడు. చిటికెడు బూడిద కాగితంలో పొట్లం కట్టాడు.

"నా పని చెడిపోయింది కైలాసం, అబద్ధమెందుకు. గని బూడిద గూడ మట్టికే పోతది."

అంతే. బండి మంచిర్యాల తొవ్వ పట్టింది.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టని మనిషి మీది కోపాన్ని ఎక్కడ దింపుకోవాలి?

ఆనాటి నుంచి గటుక అయిందన్న మాట కూడా లేదు. కుండ దింపిన చప్పుడే పిలుపు.

ఇప్పుడు పువ్వు రాలుతోంది. దేవవ్వ చెట్టు కింద కూర్చుంది. పక్కన గంప. గంపలో ఒక్క పువ్వు లేదు.

కైలాసం వెనక నిలబడ్డాడు.

"గా సారుతోని అన్నవు. నాతోని ఎందుకనలే... బిడ్డ పేరు?"

ఆమె ఒక పువ్వు తీసుకుంది. బూడిద ఊదింది.

"నువ్వెన్నడన్న అడిగినవా?"

పువ్వును నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. మెల్లగా, మెల్లగా నమిలింది... లోపల ఎవరో నిద్రపోతున్నట్టు.

అతనికి ఆ పువ్వు మీద కూడా కడుపు మండింది.

నోరు తెరిచాడు. పేరు నాలుక మీదికి వచ్చింది. అక్కడే నిలబడింది...

టప్.

నల్లటి నేల మీద, తెల్లగా.