ధనంజయ పేరు మీద కోసిన ఆకు

ధనంజయలో ఒక గొప్ప గుణం ఉంది. బుద్ధెరిగాక ఒక్క మాత్ర కూడా మింగలేదు. ఈ సంగతి అడిగినవాళ్లకు ఒకసారి, అడగనివాళ్లకు రెండుసార్లు చెప్పేవాడు.

రోజూ పాకాలలో రైలెక్కి తిరుపతి పోయి, కాలేజీ ల్యాబులో నేలవేము ఆకుల్లో ఏయే రసాయనాలున్నాయో కనిపెట్టడం అతని పరిశోధన. ఆకులు పెరట్లోవే. కోసేముందు మొక్క పక్కన కూర్చుని ఎవరి కోసమో పేరు చెప్పాలి. చెబితే ఆ మనిషి జబ్బుకు కావలసిన రసాయనాలు ఆకులో చేరతాయి, యంత్రం తెర మీద గీత శిఖరాలుగా లేస్తుంది. చెప్పకపోతే గీత పడుకునే ఉంటుంది. మొదట్లో ధనంజయ పేరు చెప్పకుండా కోసి, నెలల తరబడి యంత్రాన్ని తిట్టుకున్నాడు.

"ఎవురికని చెప్పి కోసినావప్పా?" అని అడిగింది గైడు జయంతి మేడమ్.

"సైన్సు కోసమే గదా అనుకున్నాను మేడమ్."

"సైన్సుకు జొరమొచ్చిందా?"

ఆ తర్వాత ఊళ్లోవాళ్ల జబ్బులతో పని బాగానే సాగింది. ఇక జబ్బే లేని మనిషి పేరు మీద ఒక శాంపిలు కావాలి. మిగతావన్నీ దానితో పోల్చితేనే థీసిస్ నిలుస్తుంది. అటువంటి మనిషి కోసం ధనంజయ ఎక్కువగా వెతకలేదు.

తన పేరే చెప్పి ఆకు కోస్తుంటే భార్య పవిత్ర అంది: "మీ కండ్లు పచ్చబడినాయి. అన్నం ముందర నుంచి సగంలోనే లేస్తాండారు."

"ల్యాబు వాసనలకులే. గుండ్రాయి మాదిరి ఉండాను."

ల్యాబులో గీత కాసేపు పడుకుంది. తర్వాత తెర పై అంచు దాకా లేచింది. ఆ శిఖరాన్ని అతను పోయినేడు ఒకసారి చూశాడు, పక్కింటి ఆదిమూలం ఆకులో. ఆదిమూలానికి కాలేయంలో గడ్డ. అప్పటికే ఆలస్యమైంది. శిఖరం కంప్యూటర్లో ఉంది, ఆదిమూలం లేడు.

"శాంపిలు మారిపోయుంటాది మేడమ్."

"మారేదానికి ఇంకొకటి యాడుండాది? ఈరోజు నువ్వు తెచ్చింది అదొక్కటే."

కోయడంలో తన తప్పేమోనని మర్నాడు పవిత్రను కోయమన్నాడు. పెళ్లైన నాటి నుంచి ఆమె మొగుడి పేరు పైకి పలకలేదు. మొక్క మీదికి వంగి, చాలాసేపు పెదాలు తడుపుకుని, "ధనంజయ" అంది. ఆ గొంతులో తన పేరు విన్నాక అతనికి మొదటిసారి భయమేసింది. ఆ ఆకు ల్యాబు దాకా పోలేదు. ఇద్దరూ ఆసుపత్రికి పోయారు.

స్కానింగు చూసి డాక్టరన్నాడు: "చిన్నగానే ఉండాది, ఆపరేషన్ చేయొచ్చు. ఇంకొన్నాళ్లు ఆగుంటే మా చేతుల్లో ఉండేది కాదు. ఎట్ల అనుమానమొచ్చింది?"

"నేలవేము చెప్పింది సార్."

డాక్టరు తలూపి అదే రాసుకున్నాడు.

గడ్డ తీసేశారు. మళ్లీ వస్తుందో రాదో ఎవరూ తేల్చి చెప్పలేదు. అందుకని నెలకోసారి పవిత్ర ఆ పేరు పలికి ఆకు కోస్తుంది, అతను గీత పడుకునే ఉండాలని తెర ముందు కూర్చుంటాడు. జబ్బులేని మనిషిని వేరే చూసుకోమంది మేడమ్. పేరు ఇస్తామని పాకాలలో ఇంతవరకు ఒక్కరూ ముందుకు రాలేదు.

పూటపూటకూ మందులున్నాయి. పవిత్ర వాటిని పొడిచేసి అరటిపండులో పెట్టి ఇస్తుంది. మాత్ర మింగడం ధనంజయకు ఇంకా రాలేదు. చిన్నప్పటి నుంచీ రాదు.