మేడమ్ గారు వస్తున్నారు కదండీ

ఓడి వచ్చిన జెర్సీలకీ గెలిచి వచ్చిన జెర్సీలకీ మురికిలో తేడా ఏమీ ఉండదు. కావాలంటే షైనీని అడగండి, రెండు రకాలూ ఉతికేది ఆవిడే. కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీముకి అసిస్టెంట్ కోచ్ ఏం చేస్తుందని అమలాపురంలో ఎవరైనా అడిగితే, హెడ్మాస్టరుగా రిటైరైన మామగారు లాజరు గారు "మా కోడలు పిల్లలకి ట్రైనింగ్ ఇస్తుందండి" అని ఛాతీ విరుచుకుని చెబుతారు. అత్తగారు అమ్మాజీ మాత్రం పెరట్లో తీగ మీద ఆరేసిన నీలం జెర్సీల వరసకేసి చూసి, "ట్రైనింగో ఏంటో, మన పెరడు చాకిరేవైపోయింది" అంటుంది. కాలేజీలో బట్టలు ఉతికించడానికి ఖర్చు రాయరట. ఆడమనిషి ఉంది కదా, ఆ మాత్రం చూసుకోదా అని ప్రిన్సిపాల్ గారు అన్నారట. చూసుకుంటోంది మరి, మొగుడి చొక్కాలూ పిల్లల యూనిఫాములూ అయ్యాక.

ఒకప్పుడు యూనివర్సిటీకి ఆడిన మనిషి షైనీ. పెళ్ళయ్యాక, ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ మాట ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, ఆఖరికి ఆమెకి కూడా. మూడేళ్ళ కిందట కాలేజీ ఫిజికల్ డైరెక్టరు, హెడ్ కోచ్ త్రిమూర్తులు గారు పూతరేకుల పెట్టె పట్టుకుని ఇంటికొచ్చారు. "మీ కోడలి చేతిలో ఉన్న ఆట వంటింట్లో మగ్గిపోతోందండి మాస్టారూ, పాపం కదండీ" అన్నారు. లోపల కాఫీ కలుపుతున్న షైనీకి ఏడుపొచ్చేసింది. ఆ ఇంట్లో ఆమె చేతి గురించి ఎవరైనా మాట్లాడితే అది పులుసులో ఉప్పు గురించే. టీచరు ఉద్యోగం చేసే భర్త హేమంత్ కాసేపు గడ్డం నిమురుకుని, "ఇంటిపని పాడవకుండా అయితే నాకు అభ్యంతరం లేదండి" అన్నాడు. పక్కింటివాళ్ళకి మడత మంచం అరువిచ్చేవాడు కూడా అలాగే అంటాడు. అయినా ఆ రోజు ఆమెకి అది తప్పుగా తోచలేదు. రాత్రి బీరువా అడుగునుంచి పాత బూట్లు తీసి తుడుచుకుంది.

పిల్లల్ని తయారు చేసింది నిజంగా ఆమే. బంతి ఎలా పట్టాలో, పట్టాక ఎటు చూడాలో, ఎదుటిది మీదకొస్తే భయపడకుండా భుజం ఎలా దించాలో అన్నీ ఆమే నేర్పింది. సారు కోర్టుకి ఎడమ కొసన, ఆటసామాను గది గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని విజిల్ నోట్లో పెట్టుకు కూర్చునేవారు. గెలిస్తే పేపర్లో ఫోటో, మధ్యలో సారు, అటూ ఇటూ పిల్లలు, ఓ చివర షైనీ భుజం. పోనీలే అనుకునేది. ఆ పోనీలేల మధ్యన ఇంకో పని కూడా ఆమె నెత్తిన పడింది. ఊరు దాటి టోర్నమెంటుకి వెళ్ళాలంటే మన వైపు ఆడపిల్లల్ని ఊరికే పంపరు, ఓ ఆడగొంతు పూచీ పడాలి. అందుకని సారు తన గదిలో కూర్చుని ఒక్కో ఇంటికీ ఫోను కలిపి, స్పీకరు పెట్టి, "ఇదిగో మేడమ్ గారు మాట్లాడతారండి" అని ఆమె చేతికిచ్చేవారు. అవతల తల్లులందరిదీ ఒకటే ప్రశ్న: "మేడమ్ గారూ, మీరు వస్తున్నారు కదండీ?" ఆమెది ఒకటే జవాబు: "ఆయ్, వస్తున్నానండి." అంతే, అక్కడ బ్యాగు సర్దేసేవారు. ఆమె వెళ్ళేది కూడా. తీరా అక్కడికెళ్ళాక, అరటిపళ్ళకీ ఐసుముక్కలకీ సర్టిఫికెట్ల మీద సంతకాలకీ సారు ఆమెనే తిప్పేవారు. "నువ్వెళ్తేనే పనవుతుందమ్మా షైనీ" అనేవారు. తనంటే ఎంత నమ్మకమో అని పొంగిపోయేది పిచ్చిది.

టీములో హారిక అని పలివెల ఊరి పిల్ల ఉంది, డిగ్రీ రెండో సంవత్సరం. ఎడమచేత్తో బంతి వేసిందంటే వలలో దూరే చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. అలాంటి పిల్ల వర్షాకాలం వెళ్ళిన దగ్గర్నుంచీ ఎడమవైపు వెళ్ళడం మానేసింది. బంతి అందగానే కుడికి తిరిగిపోతోంది. "ఎడమపక్క అంత ఖాళీ ఉందిగా, కళ్ళు కనబడట్లేదా?" అని షైనీ పిల్లలందరి ముందూ కసిరింది కూడా. హారిక తల దించుకుంది. ఒక సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక షైనీ ఆ పిల్ల నిలబడే చోటుకెళ్ళి నిలబడి ఎడమకి చూసింది. రింగు ఉంది. రింగు కింద ఖాళీ ఉంది. ఆ వెనక సామానుగది తలుపు, తలుపు ముందు సారు కుర్చీ.

మర్నాటినుంచి ఆమె ఆట చూడటం మానేసి పిల్లల్ని చూసింది. బంతి దొర్లి ఆ గదిలోకి పోతే ఎవరూ ఒక్కళ్ళు వెళ్ళడం లేదు. ఇద్దరు వెళ్తున్నారు, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని. సారు "ఫిట్‌నెస్ చూడాలి, రా" అని ఒకళ్ళని పిలిస్తే మిగతావాళ్ళకి ఒక్కసారిగా ఆ గుమ్మం దగ్గరే దాహం వేస్తోంది. ఇదంతా స్నేహం అనుకుంది ఇన్నాళ్ళూ. ఒక్క బంతికి ఇద్దరెందుకే బడాయిలు కాకపోతే, అని వేళాకోళం కూడా చేసింది. వాళ్ళకి వాళ్ళే కాపలా కాసుకుంటున్నారు, ఇంత మనిషి తను మధ్యలో నిలబడి ఉండగా.

అప్పుడే వచ్చింది విశాఖపట్నం క్యాంపు. టీములో మంచివాళ్ళు ఐదుగురే వెళ్తారు, హారిక కూడా ఉంది. తోడు సారొక్కరే. "ఈసారి నువ్వు రెస్టు తీసుకోమ్మా" అన్నారు త్రిమూర్తులు గారు తియ్యగా. ఆయన గొంతు ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది, ఒక్కనాడూ ఎవరినీ కసరగా వినలేదు ఆమె. ఇంటికొచ్చేసరికి హేమంత్‌కి అన్నీ తెలుసు. సారు ముందు తననే అడిగారట. "నేనే వద్దన్నాను. పిల్లలకి పరీక్షలు, అమ్మకి మోకాళ్ళు. క్యాంపు అవ్వగానే నీ పోస్టు పర్మనెంటు చేయిస్తానన్నారు, ఇంకేం కావాలి?" అన్నాడు, ఆమె జీవితాన్ని ఆమెకే బహుమతి ఇస్తున్నట్టు. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో లాజరు గారు త్రిమూర్తులు గారిని పేరుపెట్టి దీవించమని దేవుణ్ణి అడిగారు. అందరూ ఆమెన్ అన్నారు. షైనీ తప్ప. అమ్మాజీ కళ్ళు తెరిచి చూసింది.

మరి తల్లులకి ఏం చెప్పాలి? దానికీ ఏర్పాటు ఉంది. "రాజమండ్రిలో అందరితోపాటు రైలెక్కమ్మా, సాగనంపడానికి వచ్చినవాళ్ళు చూస్తారు కదా. సామర్లకోటలో దిగిపో, బస్సులో ఇంటికొచ్చేయొచ్చు. వస్తున్నానన్నావు, వచ్చావు. అబద్ధం కూడా కాదు" అన్నారు సారు. నవ్వుతూనే అన్నారు. ఆమె ఏ స్టేషన్లో దిగాలో, ఏ బస్సెక్కాలో ఆయన అన్నీ ఆలోచించి పెట్టుకున్నారు. ఎంత తీరిగ్గా ఆలోచించి ఉంటారో అనుకుంది. మూడేళ్ళ కిందట తమ ఇంటి సోఫాలో కూర్చుని ఆయన అడిగింది ఆటని కాదు. తల్లులు నమ్మే ఒక గొంతు కావాల్సొచ్చింది ఆయనకి, అది కాఫీ కలుపుతూ ఏడుస్తూ దొరికింది.

హారిక ఆ రోజు బూటు లేసు కట్టుకునే వంకతో వెనక ఉండిపోయింది. లేసు కట్టడం అయిపోయినా లేవలేదు.

"మేడమ్, మీరు విశాఖపట్నం వస్తున్నారు కదండీ?"

షైనీ ఏరుతున్న బంతుల్ని కింద పెట్టేసింది.

"మీరు రాకపోతే నాకు జొరం వస్తుందండి" అంది ఆ పిల్ల నేలకేసి చూస్తూ. "పోయినసారి కూడా జొరం అని చెప్పేనండి. మీరు సంతకాలకి వెళ్ళేరు. సారు మాత్ర ఇస్తానని రూముకి వచ్చేరండి."

అంతకన్నా చెప్పలేదు. షైనీ అడగలేదు. పక్కన కూర్చుని ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేయబోయి, ఎందుకో భయమేసి, చెయ్యి తన ఒళ్ళోనే పెట్టుకుంది.

ఇంట్లో చెప్పకుండా ఎలా ఉంటుంది? హేమంత్ చెడ్డవాడేం కాదు, చర్చి సంఘంలో నలుగురికీ మంచిచెడ్డలు చెప్పేవాడు. అన్నం వడ్డిస్తూ చెప్పింది. అతను కలుపుతున్న చెయ్యి ఆపాడు. నువ్వు చూశావా అన్నాడు. చూడలేదంది. ఆ అమ్మాయి ఫలానా జరిగిందని చెప్పిందా అన్నాడు. జొరం వస్తుందని చెప్పిందంది. "జొరం వస్తే మాత్ర ఇవ్వరా ఎవరైనా?" అన్నాడు, మళ్ళీ కలుపుకోవడం మొదలెట్టాడు. రేపు ఇదంతా బయటికొస్తే ఆ పిల్ల పేరు పాడవుతుందట, పెళ్ళి కాదట, ఆ పాపం షైనీకి చుట్టుకుంటుందట. సారుకి ఎమ్మెల్యే దాకా తెలుసట. చెప్పాల్సినవన్నీ చెప్పేసి చివర్లో మెల్లగా, "ఒక్క ఫోను మాట, షైనీ. వస్తున్నానండి అను. నీ నోటి ముత్యాలేం రాలిపోవు" అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న అమ్మాజీ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి.

మర్నాడు పొద్దున్న త్రిమూర్తులు గారి గదిలో ఫ్యాను తిరుగుతోంది. షీల్డుల అద్దాల బీరువా, గోడ మీద ఫోటోలు, ప్రతి ఫోటోలోనూ ఆమె భుజం. సారు ఫోను కలిపి స్పీకరు పెట్టి బల్ల మీద ఆమె వైపు జరిపారు. మొదటిది హారిక వాళ్ళిల్లే. "నమస్కారమండి, మేడమ్ గారు మాట్లాడతారు" అని కుర్చీలో వెనక్కి వాలారు.

"మేడమ్ గారూ, బాగున్నారా అండీ?" హారిక తల్లి ఉమాదేవి గొంతు. "పిల్ల రెండు రోజుల్నుంచీ అన్నం సరిగ్గా తినట్లేదండి, దూరం అని బెంగేమో. మీరుంటారు కదా అని నేనే సర్దిచెప్పేను. మీరు వస్తున్నారు కదండీ?"

ఆయ్ అనడానికి నాలుక దానంతట అదే లేచింది. మూడేళ్ళ అలవాటు అది. అమ్మకీ నాన్నకీ అన్నయ్యకీ, అత్తగారికీ మామగారికీ మొగుడికీ పుట్టిన దగ్గర్నుంచీ అంటూ వచ్చిన ఆయ్ అది, అదొక్కటీ వచ్చు ఆ నాలుకకి. పర్మనెంటు ఉద్యోగం ఆ బల్లకి అవతలే కూర్చుని ఉంది. సాయంత్రం ఇంటికెళ్తే హేమంత్ మొహం ఎలా ఉంటుందో, ఆ మొహం ఎన్నాళ్ళు అలాగే ఉంటుందో ఆమెకి తెలుసు. కోర్టులోకి మళ్ళీ అడుగుపెట్టనివ్వరు. ఇంత ఊళ్ళో ఆడవాళ్ళకి ఈ ఆట నేర్పే చోటు ఇంకొకటి లేదు. బూట్లు బీరువా అడుగుకి పోతాయి, ఆమె చేతి గురించి మళ్ళీ పులుసులో ఉప్పు లెక్కనే మాట్లాడతారు. ఇంత కోరుకున్నది ఇంకేదీ లేదు ఆమెకి జీవితంలో. భయం కూడా వేసింది, దాచుకోవడమెందుకు. ఫోనులో ఆ తల్లి ఊపిరి వినబడుతోంది.

"లేదండి ఉమాదేవి గారూ" అంది షైనీ. "నేను రావట్లేదు. మీరు చూడ్డానికి రైలెక్కి సామర్లకోటలో దిగిపొమ్మన్నారండి. నేను లేని చోటికి మీ పిల్లని పంపకండి. నేనున్నా పంపకండి."

"సారు ఉన్నారా అండీ అక్కడ?" అంది ఉమాదేవి, గొంతు బాగా తగ్గించి. త్రిమూర్తులు గారు చెయ్యి చాపి కాల్ కట్ చేశారు. ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళే వేరే మనిషివి అయ్యాయి.

"ఇంట్లో చెప్పి చేస్తున్నావా అమ్మా ఈ పని?" అన్నారు అదే తియ్యటి గొంతుతో. "హేమంత్‌నే అడుగుతానుండు."

ఆయన హేమంత్ నంబరు వెతుక్కుంటున్నారు. షైనీ చేతిసంచిలోంచి తన ఫోను తీసింది. ఐదుగురు తల్లుల నంబర్లూ అందులో ఉన్నాయి, పిల్లలకి ఒంట్లో బాగోకపోతే అర్ధరాత్రి వాళ్ళు ఫోను చేసేది ఆమెకే కదా. క్యాంపు జాబితాలో రెండో పిల్ల బ్లెస్సీ, వాళ్ళమ్మ మేరీ గారు. నొక్కింది. ఆయన కూడా నొక్కారు. ఆ గదిలో రెండు ఫోన్లూ ఒకేసారి మోగుతున్నాయి.

మేరీ గారే ముందు ఎత్తారు.