ఇరవై ఒకటోది

అడవిపందుల నివారణ విభాగంలో బోనులు పెట్టేది నేనే. పద్దెనిమిదేళ్ల సర్వీసు. నాకు ముక్కు మీదే కోపమని ఆఫీసులో అందరూ అంటారు; అందులో అబద్ధమేమీ లేదు. "నాలుగు పడ్డాయిగా, ఇంకేం కావాలి?" అని ఎవరైనా అంటే ఒళ్లు మండిపోతుంది. మా పనికి ఒకటే నియమం: మంద మొత్తం లోపలికొచ్చేదాకా గేటు వెయ్యకూడదు. ఒక్కటి బయట మిగిలిందా, ఇక అది జన్మలో ఇనుప కంచె దగ్గరికి రాదు. తన వెంట తిరిగే పిల్లల్నీ రానివ్వదు. కొత్తగా చేరినవాళ్లకి ఈ సంగతి తిట్టి మరీ నేర్పిస్తాను.

అలాంటి నేను అక్క దగ్గర ఓడిపోయాను.

బావ పోయాక పొలం తనే చేస్తానంది అక్క. ఆమె మరిది నవ్వాడు. "వరసగా రెండు పంటలు తియ్యి వదినా, ఇక ఆ పొలం జోలికి రాను. ఒక్కటి పోయినా నేనే చేసుకుంటా" అన్నాడు నలుగురి ముందు. అక్క సరేనని మొక్కజొన్న వేసింది. కంకి పాలు పోసుకునే వేళకి వాగు అవతలి నుంచి పందులు దిగాయి.

వాగు గట్టున గుండ్రంగా ఇనుప కంచె బిగించి, లోపల గింజలు పోసి, కెమెరా పెట్టాను. బొమ్మ నా ఫోన్‌కి వస్తుంది. బటన్ నొక్కితే గేటు పడుతుంది. మొత్తం ఇరవై ఒక్క పందులు. వారం తిరిగేసరికి ఇరవై లోపలికొచ్చి తినసాగాయి. చెవి చిరిగిన పెద్ద ఆడపంది మాత్రం గేటు దగ్గరే నిలబడి వాసన చూసేది. దానికి అత్తగారని పేరు పెట్టాం.

"అత్తగారు గడప దాటారా?" పొద్దున్నే అక్క అడిగేది.

"దాటలేదు."

"ఇరవై ఉన్నాయిగా, వేసెయ్యరా."

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఒక్కటి మిగిలినా మళ్లీ మొదటికొస్తుంది. ఊరుకో!"

పదో రోజుకి చేలో మూడోవంతు నేలమట్టమైంది. ఆ రోజు తెల్లవారుతూనే అక్క మా వంటింట్లోకి వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. ఫోన్‌లో ఇరవై పందులు తలలు వంచుకుని తింటున్నాయి. అత్తగారు బయటే. అక్క ఆ రోజు ఏమీ అడగలేదు. ఆమె అరచేతుల నిండా పొక్కులు. నా మనసు ఆగలేదు. నొక్కేశాను.

యంత్రం చెడి గేటు దానంతటదే పడిందని రిపోర్టు రాశాను. ఆఫీసరు భుజం తట్టాడు. అక్క మిగిలిన పంట ఇంటికి చేర్చుకుంది.

తర్వాతి పంటకి అత్తగారు కొత్త పిల్లలతో తిరిగొచ్చింది. ఈసారి పక్క పొలం పెద్దాయన బంగాళదుంపల మీద పడింది. బావ పోయిన ఏడాది అక్క చేనుకి నీళ్లు పెట్టింది ఆయనే. మూడు చోట్ల బోను మార్చాను. పోసిన గింజలు మొలకెత్తాయి గానీ ఒక్క పందీ అడుగు పెట్టలేదు.

పెద్దాయన, అక్క కలిసి ఆఫీసుకొచ్చారు. "తోట సగం తవ్వేసింది నాయనా. అప్పుడు ఇరవై పడ్డాయిగా, ఇప్పుడెందుకు పడట్లేదు?" అని ఆయన అడిగాడు.

"అప్పుడు యంత్రం మోసం చేసింది పెద్దాయనా" అన్నాను. అక్క నా వంక చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

బయటికొచ్చి పెద్దాయన వెళ్లిపోయాక, "మరి దాన్నెలా పట్టుకుంటారు?" అంది అక్క.

"పట్టుకోలేం. కాల్చాలి. పగలంతా నీ చేలోనే పడుకుంటోంది. పైరు మనిషెత్తు ఉంది, తుపాకీకి ఎలా కనపడుతుంది?"

"కోసేస్తే?"

"మతి పోయిందా? ఇంకా కంకి కూడా కట్టలేదు! ఇదే నీ రెండో పంట!"

"నా మొదటి పంట ఎవరి తోటని బలి పెట్టి నిలబెట్టావో నాకు తెలియదా?" మెత్తగానే అంది.

మర్నాడు పొద్దున్నే అక్క కొడవలి పట్టింది. పెద్దాయన, నేను, మా సిబ్బంది మూడు వైపుల నుంచీ కోసుకుంటూ వెళ్లాం. వాగు వైపు తుపాకులతో ఇద్దరు, వాళ్ల వెనక మా ఆఫీసరు నిలబడ్డారు. మధ్యాహ్నానికి నాలుగు వరసలు మిగిలాయి. వాటిలోంచి అత్తగారు పిల్లల్ని వెంటేసుకుని వాగు వైపు దూకింది. తుపాకులు పేలాయి. దగ్గరికెళ్లి చూస్తే పిల్లలు తల్లి పక్కనే పడి ఉన్నాయి. ఎవరికీ సంతోషం కలగలేదు.

అంతలో అక్క మరిది గట్టు మీదికొచ్చాడు. "ఇదేంటి వదినా, పందులు పడ్డాయా?"

"పందులు కాదు, నేనే కోశాను. రెండో పంట లేదు. పొలం నువ్వే చేసుకో."

నాకిక ఆగలేదు. "గేటు వేసింది నేనే పెద్దాయనా! యంత్రం కాదు. అత్తగారు బయటుందని తెలిసే వేశాను, అక్క కోసం!" అని అందరి ముందూ అరిచాను. ఆఫీసరు కూడా విన్నాడు.

పెద్దాయన తిడతాడనుకున్నాను. ఆయన నా వైపే చూడలేదు.

"నీకు ముందే తెలుసా అమ్మా?" అని అక్కనడిగాడు.

"ఆ రోజే తెలుసు. పక్కనే కూర్చున్నాను."

ఆయన తలాడించి కొడవలి భుజాన వేసుకున్నాడు. తన తోట వైపు నడిచాడు. అక్క రెండుసార్లు పిలిచినా వెనక్కి తిరగలేదు.

పొలం వదులుకున్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది మా అక్కకి.