కోపం మీద నడిచే ల్యాప్‌టాప్

మల్కాపురంలో సాయంత్రం కరెంటు పోగానే నారాయణమ్మ ఇంటి ముందు జనం టార్చిలైట్లు పట్టుకుని నిలబడేవారు. కుళాయి దగ్గర బిందెల వరసలాగే అదీ రోజూ ఉండే తంతే. నారాయణమ్మకి కోపం వస్తే ఆవిడ చేతిలో ఉన్న బ్యాటరీలు నిండిపోతాయి. ఆనందపురం దగ్గర వాళ్ల ఊళ్లో ఆవిడ తల్లికీ అంతే, ఇప్పుడు కూతురు ధనలక్ష్మికీ అంతే. కొందరి చేతికి ఆవకాయ కుదురుతుంది, వీళ్ల చేతికి ఇది కుదిరింది.

"వదినా, ఓపాలి మా అన్నయ్యని తలుసుకో. పిల్లకి రేపు పరీచ్చ, లైటు ఎలగట్లేదు," అని పక్కింటి గురువమ్మ టార్చి అందించేది.

నారాయణమ్మ మొగుణ్ణి తలుచుకుని పళ్లు కొరికేది. టార్చి వెలిగేది. అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ ఆ మొగుడు తవిటయ్య, "నా మూలానే కదేటి ఈదంతా ఎలుగు!" అని మురిసిపోయేవాడు.

ధనలక్ష్మి పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో టైపిస్టు. పేరుకే టైపిస్టు. రేవులోకొచ్చిన ప్రతి ఓడకీ సరుకు కాగితాలు తయారు చేసేది ఆమే. వాటిని పట్టుకుని ఓడెక్కి, కేప్టెన్ చేత సంతకం పెట్టించుకుని, కాఫీ తాగి దిగొచ్చేవాడు మాత్రం యజమాని భీమశంకరరావు బామ్మర్ది నాగవంశీ. అతగాడిది బోర్డింగ్ క్లర్క్ ఉద్యోగం. సొమ్మొకడిది, సోకొకడిది. ఎక్కడి న్యాయమండీ ఇది?

ఎన్నిసార్లు అడిగిందో ఆ పిల్ల! "నన్నోసారి ఓడెక్కనివ్వండి సార్."

"ఆయ్, నీకెందుకమ్మా ఆ ఊగే నిచ్చెనలూ అవీ? చీర కాలికి అడ్డం పడి నీళ్లలో పడ్డావనుకో, మీ నాన్నకి నేనేం చెప్పుకోను?" అనేవాడు భీమశంకరరావు. ఆయనది కాకినాడ. మాట వెన్న, మనసు బండరాయి.

రెండువేల నాలుగులో నాగవంశీకి కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. పాతది తెచ్చి ధనలక్ష్మి బల్ల మీద పడేశారు. ఇటుకల మూటంత బరువు. విండోస్ తెరుచుకునేలోగా వీధి చివరకెళ్లి టీ తాగి రావచ్చు. తెరుచుకున్నాక పది నిమిషాలకే బ్యాటరీ చచ్చిపోయేది. "ఎంగిలి విస్తరి నాకా?" అని ఆమెకి ఒళ్లు మండిపోయింది.

ఆదివారం దాన్ని ఇంటికి మోసుకెళ్లి, కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన, విండోస్‌కి బదులు ఎక్కించుకునే లినక్స్ సీడీ పెట్టింది. డిస్కులో ఉన్నదంతా చెరిపెయ్యనా అని అడిగింది మిషను.

"సెరిపెయ్. ఆడి పాటలూ పేకాటా అన్నీ సెరిపెయ్," అని ఎంటర్ కొట్టింది ధనలక్ష్మి.

లినక్స్ సగం ఎక్కిందో లేదో కరెంటు పోయింది. ఇప్పుడు ఆగిపోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. ధనలక్ష్మి దాన్ని ఒళ్లోకి లాక్కుని రెండు చేతులూ వేసింది. ఊగే నిచ్చెన తలుచుకుంది. కాలికి అడ్డం పడే చీర తలుచుకుంది. ఎర్రగా కొట్టుకుంటున్న బ్యాటరీ దీపం పచ్చబడి నిలబడింది.

"ఎవుల్ని తలుసుకున్నావే?" అని వంటింట్లోంచి అడిగింది తల్లి.

"మా ఆపీసు బామ్మర్దిని."

"మంచోణ్ణే ఎంచుకున్నావు, బాగా ఎక్కుతాది," అంది నారాయణమ్మ, పప్పు ఎనుపుతూ.

ఆనాటి నుంచీ ఆ డొక్కు మిషను చటుక్కున తెరుచుకునేది, సాయంత్రం దాకా నడిచేది. ఛార్జరు సొరుగులో దుమ్ము పట్టింది. ఛార్జరు లేకుండా ఎలా నడుస్తోందని ఆఫీసులో ఎవరూ అడగలేదు. సంగతి అందరికీ తెలుసు. ఇంత కోపం ఈ పిల్లకి దేని మీదా అని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఓడ మీద నుంచి భీమశంకరరావు ఫోను చేశాడు. "అమ్మాయ్, కొంప మునిగిందమ్మా!"

సరుకు ఎక్కించడం పూర్తయ్యాక ఆఖరి కాగితాలు ఓడ మీదే తయారు చెయ్యాలి. నాగవంశీ పొద్దున్నుంచీ పేకాడి కొత్త ల్యాప్‌టాప్ బ్యాటరీ ఖాళీ చేశాడు. ఛార్జరు పెడదామంటే ఓడలో సాకెట్లు రెండు గుండ్రటి పిన్నులవి, మనవాడి ప్లగ్గుకి మూడు పిన్నులు. సముద్రం పోటు మీదున్నప్పుడే ఓడ కదలాలి.

"నీ పాత డొక్కుని ఎవరి చేతైనా పంపించు."

"నాను రాకపోతే అది నడవదండి."

"సరే, ఏడిశావులే, రా."

ధనలక్ష్మి కొంగు బొడ్లో దోపుకుని నిచ్చెనెక్కింది. అది ఊగింది గానీ ఆమె పడలేదు. చీరా అడ్డం పడలేదు. పైకెళ్లి చూస్తే రేవంతా కిందికి కనబడుతోంది, డాల్ఫిన్స్ నోస్ కొండ ఎదురుగా నిలబడి ఉంది, కొండ పక్కనుంచి సముద్రపు గాలి మొహానికి కొట్టింది. "ఓలమ్మా, ఎంత బాగుందో!" అనుకుంది. కోపమన్నదే లేకుండా పోయింది.

అదే కొంప ముంచింది. ఓడ ఆఫీసు గదిలో పని మొదలెట్టగానే బ్యాటరీ దిగిపోసాగింది. నిచ్చెన తలుచుకుంటే నవ్వొచ్చింది, ఎక్కేసింది కదా! నాగవంశీ వైపు చూసింది. చెమటలు కక్కుతూ నిలబడ్డాడు, పాపం అనిపించింది. పాపమట! దీపం ఎర్రబడింది. ఇప్పుడు ఇది ఆగిపోతే ఇక జన్మలో తనని ఓడెక్కనివ్వరు. ఆడదాన్ని పిలిస్తే ఏమైందో చూశారా అంటారు. ఆమెకి భయం వేసింది. భయానికి బ్యాటరీ ఎక్కదు.

అప్పుడు కేప్టెన్ భీమశంకరరావుని ఇంగ్లీషులో అడిగాడు. "మీ కాగితాల్లో ఎప్పుడూ తప్పుండదు. ఎవరు చేస్తారు?"

భీమశంకరరావు నాగవంశీ భుజం మీద చెయ్యేశాడు. "మావాడేనండి. ఈ అమ్మాయి మిషను మోసుకొచ్చిందంతే." ఇటు తిరిగి తెలుగులో, "లేమ్మా, ఆ కుర్చీ వాడికివ్వు. నువ్వు కిందికెళ్లి నీడపట్టున కూర్చో," అన్నాడు.

ధనలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎర్ర దీపం పచ్చబడింది. నాగవంశీ చంకలో చచ్చి పడున్న కొత్త ల్యాప్‌టాప్ దానంతటదే పాట ఎత్తుకుంది. గోడ మీద ఆగిపోయిన గడియారం నడక మొదలెట్టింది. కేప్టెన్ తన టీ కప్పు కాస్త దూరంగా జరుపుకున్నాడు.

"లేవనండి," అంది ధనలక్ష్మి. "ఏటండి లేసేది? రాసింది నాను, దిద్దింది నాను. ఓడెక్కడం ఆయనా? ఇప్పుడు నా కుర్చీ కూడా ఆయనకేనా?" అని, కేప్టెన్ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. "ఆ కాగితాలు చేసేది నేనండి."

అని మళ్లీ పనిలో పడింది. బ్యాటరీ మరి దిగలేదు. ఓడ ప్రింటరు మీద కాగితాలు తీసి ముందు పెట్టింది. కేప్టెన్ చదివి సంతకం చేశాడు. భీమశంకరరావు చెయ్యి చాపాడు. కేప్టెన్ ఆ చేతిని దాటించి కాగితాలు ధనలక్ష్మికి అందించి, "ఇక మా ఓడలకి ఈమెనే పంపండి," అన్నాడు. పోటు తగ్గకముందే ఓడ కదిలింది.

ఇప్పుడు బోర్డింగ్ క్లర్క్ ధనలక్ష్మే. "నిన్ను ఓడెక్కించింది నేనే కదమ్మా, ఆయ్," అంటూ భీమశంకరరావు గుండ్రటి పిన్నుల ఛార్జరొకటి కొనిచ్చాడు. ఆమె దాని కవరు కూడా విప్పలేదు. ఏ ఓడకెళ్లినా నిచ్చెన పైనున్న కాపలావాడు ఆమె భుజం మీంచి వెనక్కి తొంగి చూసి, "బోర్డింగ్ క్లర్క్ ఏడీ?" అని అడుగుతాడు. ఆ ఒక్క మాటతో ఓడ పని అయ్యేదాకా బ్యాటరీ వస్తోంది.