ఎవరూ తొక్కని చోటు

శ్యామసుందరి ఆంటీ ఇండియాలో పెళ్ళికి వెళ్తూ తన్మయికి ఇల్లు అప్పజెప్పలేదు, మొక్కల్ని అప్పజెప్పింది. టార్నీట్‌లో ఆ ఇంటి హాలు కిటికీ పక్కన వరసగా ఆంథూరియాలు. లక్క పూసినట్టు మెరిసే ఎర్ర పూలు. ఇంటికొచ్చినవాళ్ళు ముందు వాటిని మెచ్చుకోవాలి, కాఫీ ఆ తర్వాతే.

చెప్పాల్సినవన్నీ చెప్పింది ఆంటీ. కుండీల్లో మట్టికి బదులు పోసిన బెరడు ముక్కలు పైన ఎండితేనే నీళ్ళు పొయ్యాలి. అడుగు పళ్ళెంలో చుక్క నిలవకూడదు. ఆకులు తడిగుడ్డతో తుడవాలి. ఎండ నేరుగా తగలకూడదు, చలి అసలే తగలకూడదు. అందుకని హాల్లో హీటరు రాత్రింబగళ్ళు నడుస్తుంది. తన్మయి అద్దెకుంటున్న గదిలో మాత్రం వేడిగాలొచ్చే జాలీ మూసి ఉంటుంది, బిల్లు పెరుగుతుందని. జులై నెల, ఆ దేశంలో నడిచలికాలం. అద్దె కట్టే మనిషి స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని పడుకునేది. అద్దె కట్టని మొక్కలు వెచ్చగా ఉండేవి.

తన్మయి కిక్కురుమనలేదు. కారణముంది. మొగుడు సుబ్బు పక్క పేట ట్రుగనీనాలో గోడౌన్ పని చేసుకుంటూ, మరికొందరు మగాళ్ళతో ఒకే ఇంట్లో సర్దుకుంటున్నాడు. ఒకే ఊళ్ళో ఉండి, మొగుడూ పెళ్ళాం షాపింగ్ సెంటర్ బెంచీ మీద కలుసుకునే కాపురం. వేరే ఇల్లు తీసుకుందామంటే, ఏజెంటు పాత ఓనరుకి ఫోన్ చేసి ఈ అమ్మాయి ఎలాంటిదని అడుగుతాడు. ఆ ఫోన్ ఎత్తేది శ్యామసుందరి.

"నా మొక్కల్ని బతికించు, నీ గురించి బంగారంలాంటి మాట చెప్తాను," అంది కారెక్కుతూ. నవ్వుతూనే అంది. మనవాళ్ళు బెదిరించేది నవ్వుతూనే.

ఇంట్లో మిగిలింది ఆంటీ తండ్రి సుందరరామయ్య. పొద్దున్నే చిన్న శివలింగానికి పాలు, పెరుగు, తేనెతో అభిషేకం చేస్తాడు. ఆ పాలూ నీళ్ళూ కాళ్ళ కింద పడకూడదు, ఎవరూ తొక్కని చోట పొయ్యాలి. ఇన్నాళ్ళూ పెరట్లో తులసి కుండీలో పోసేవాడు. ఈసారి మంచుకి తులసి మాడిపోయింది. తలుపు తీస్తే చలి కొరుకుతోంది. మరి ఇంట్లో ఎవరూ తొక్కని చోటేది? ఆంథూరియం కుండీలు.

తన్మయి తెల్లారకముందే వృద్ధాశ్రమంలో పనికి పోయేది కాబట్టి మొదట్లో తెలియలేదు. ఆకులు పసుపెక్కాయి. నీళ్ళు చాలడం లేదేమోనని వేలు పెట్టి చూస్తే బెరడంతా తడి. వాసన చూస్తే పులిసిన పాలు. చుట్టూ సన్నటి దోమలు. సెలవు రోజు పొద్దున కళ్ళారా చూసింది.

మెల్లగానే చెప్పింది. పాలు పడితే వేళ్ళు కుళ్ళిపోతాయనీ, కొత్త స్టీలు బేసిను తెచ్చి పెడతాననీ, దాంట్లో పోస్తే తను తీసుకెళ్ళి ఎవరూ నడవని చోట చెట్టు మొదట్లో పోస్తాననీ.

సుందరరామయ్య ముఖం చిట్లించాడు. "తీర్థంతో చచ్చిన మొక్కని నేను చూళ్ళేదమ్మా. నువ్వు ఎవరెవరి ఒళ్ళు తుడిచొచ్చి, స్నానమైనా చెయ్యకుండా ఆ ఆకులు ముట్టుకుంటావు. ముందది చూసుకో."

బేసిను తెచ్చింది. అది ఖాళీగానే ఉంది. ఆంటీకి ఫోన్ చేసింది. పెళ్ళి మేళాల మధ్య ఆంటీ తేల్చి చెప్పింది, నాన్నగారి పూజ జోలికి వెళ్ళొద్దు, మొక్కల సంగతి మాత్రం చూసుకో అని. రెండూ ఒకటేనని చెప్పబోతే ఫోన్ పెట్టేసింది.

తన్మయి ఒక్క కుండీ తన గదిలోకి తెచ్చుకుంది. నల్లబడి మెత్తబడ్డ వేళ్ళు కత్తిరించి, కడిగి, కొత్త బెరడులో నాటింది. దానికి చలి తగలకూడదుగా, జాలీ తెరిచింది. ఆ ఇంట్లో మొదటిసారి ఆ పిల్ల వెచ్చగా నిద్రపోయింది, మొక్క పుణ్యాన.

ఆంటీ తిరిగొచ్చేసరికి హాల్లో మొక్కలన్నీ తలలు వేలాడేశాయి. వంగి వాసన చూసింది. పాల వాసన తెలియని ఆడదేం కాదు. ఒక్కసారి తండ్రి వైపు చూసింది. ఆయన పంచాంగం తిరగేస్తున్నాడు. తన్మయి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"మా నాన్న ఏళ్ళ తరబడి పూజ చేస్తున్నాడు. నా మొక్కలూ ఏళ్ళ తరబడి ఉన్నాయి," అంది ఆంటీ. "కొత్తగా వచ్చింది నువ్వు."

తర్వాత గదిలోకొచ్చి తెరిచున్న జాలీ చూసింది. దొంగతనం దొరికినట్టే. జాలీ మూసి, చిగురేసిన కుండీని ఎత్తుకెళ్ళి హాల్లో కిటికీ పక్కన పెట్టింది.

తన్మయీ సుబ్బూ అడిగిన ఇంటి గురించి ఏజెంటు ఫోన్ ఆ వారంలోనే వచ్చింది. వంటింట్లోంచి ఆంటీ ఇంగ్లీషు వినపడుతూనే ఉంది. అమ్మాయి మంచిదే, కానీ మన వస్తువులంటే అంత జాగ్రత్త ఉండదండీ అని. ఇల్లు ఇంకెవరికో పోయింది.

బెంచీ మీద సుబ్బుకి ఈ సంగతి చెప్పింది. అతనన్నాడు, "పోనీ, ఆ పాలు నేనే పోశానని ఒప్పుకుని కాళ్ళు పట్టుకోవాల్సింది."

"పట్టుకున్నా ఇదే చెప్పేది."

మర్నాడు షిఫ్టు ఆలస్యంగా మొదలు. తన్మయి షూ లేసులు కట్టుకుంటుంటే సుందరరామయ్య అభిషేకం గిన్నెతో వచ్చాడు. పాత కుండీలన్నీ చెత్తబుట్టలో చేరాయి. మిగిలింది తను బతికించిన ఆ ఒక్కటే. ఆయన మంత్రం గొణుక్కుంటూ గిన్నె దాంట్లోకి వంచాడు. ఆంటీ కాఫీ కప్పుతో పక్కనే నిలబడి ఉంది. పాలు బెరడులోకి ఇంకుతుంటే చూసింది. తన్మయి తననే చూస్తోందని తెలిసి, కిటికీ వైపు తిరిగింది.

తన్మయి లేసు ముడి బిగించి పనికి వెళ్ళిపోయింది.