పొదుగుతున్న మడ్‌గార్డు

జహీరాబాద్‌లో జగన్‌మోహన్‌కున్న ఆస్తి మొత్తం ఒక పాత ఆస్టిన్ కారు. ఆ ఆస్టిన్‌లో ఆస్తి ఎంతుందో చెప్పలేం కానీ తుప్పు మాత్రం తట్టలకొద్దీ రాలుతోంది. అయినా తుప్పు పట్టడం బండి తప్పు కాదు. ఎండకూ వానకూ ఊళ్లోని పెళ్లికొడుకులందరికీ ఓర్చుకుని ఇన్నాళ్లు బతికిన బండి అది.

దానికి గిరాకీ తెచ్చింది ఇంజనూ కాదు, హారనూ కాదు, ఫుట్‌బోర్డు. బారాత్‌లో పెళ్లికొడుకు వెనక సీట్లో కూర్చుంటే, పెళ్లికూతురి తమ్ముడు కుడివైపు ఫుట్‌బోర్డు మీద నిలబడి, కిటికీలోంచి బావ భుజం మీద చెయ్యేసి ఊరంతా తిరగాలి. పిల్లనిచ్చాం కానీ పిల్లాడి మీద పట్టు విడవలేదని దాని అర్థం. కొత్త కార్లకు ఫుట్‌బోర్డు ఉండదు. బావమరిది పక్కన నడవాలి. నడిచే బావమరిది నాలుగో మలుపులో అలుగుతాడు.

అలాంటి బండికి కుడివైపు మడ్‌గార్డూ, దాన్ని అంటుకున్న ఫుట్‌బోర్డూ పుచ్చిపోయాయి. కిందటి పెళ్లిలో ఒక బావమరిది కాలు బోర్డులోంచి దిగి రోడ్డు మీద పరుగు పెట్టింది. రెండో కాలు మాత్రం దర్జాగా బండిలోనే వచ్చింది. అప్పట్నుంచీ ఆస్టిన్ ఇంటి ముందు రెస్టు తీసుకుంటోంది.

"రామచందర్ సేటు ఇంట్ల పెండ్లి వస్తున్నది," అంది అతని భార్య భాగీరథి ఒకనాడు జొన్నరొట్టె కొడుతూ. "ఆ బారాత్‌కు నీ బండి పోయిందా, మంచిదే. పోలేదా, తుక్కోళ్లకు అమ్మి పిండిగిర్నిల వాటా తీసుకుందం. గిర్ని నిలబడ్డ కాడ్నే తిరిగి పైసలిస్తది. నీ బండి తిరగనన్న తిరగది."

ఆమె భాగీరథి. ఒకసారి కిందికి దిగిన మాట మళ్లీ పైకి పోదు.

బొంబాయి రోడ్డు మీది టింకరింగ్ షెడ్డులో రేవణసిద్ధప్ప ఓ కొత్త అంబాసిడర్ మడ్‌గార్డు తీసి ఆస్టిన్‌కు ఆనించి చూపించాడు. తాత ముఖానికి మనవడి మీసం అతికించినట్టుంది.

"రెండు కోతలు, నాలుగు అతుకులు. రేపటికల్ల అయిపోతది అన్నా."

"మరి ఫుట్‌బోర్డు?"

"దీనికి యాడుంటది? పల్చటి రేకుతోని ఒకటి కొట్టిస్త."

"ఆ రేకు మీద బామ్మర్ది నిలబడితె?"

"నిలబడొద్దని చెప్పు."

"గట్లయితె నా బండెందుకు సిద్ధప్పా? అంబాసిడరే మాట్లాడుకుంటరు గద!"

సిద్ధప్ప గెడ్డం గోక్కున్నాడు. "రాయికోడ్‌ల పార్వతమ్మ దొడ్లె గిసొంటి ఆస్టినే ఇప్పేసి పడ్డదని ఇన్న. పోయి చూడు. నేను ఇది ఇంకెవరికీ ఇయ్యకుంట ఆపుత. కానీ జల్ది చెప్పు, అడిగేటోళ్లున్నరు."

జగన్‌మోహన్ రాయికోడ్ పోయాడు. పార్వతమ్మ దొడ్లో కారు కనపడలేదు, కారు చేస్తున్న కాపురం కనపడింది. ఒక తలుపు పాకకు దడి. రెండు మడ్‌గార్డులూ తిరగేసి ఉన్నాయి. ఒకదానికి బోల్టు బొక్కలు తారుతో పూడ్చి కుడితి పోస్తే బర్రె తాగుతోంది. రెండోదాన్లో గడ్డి పరిచి ఉంది, గడ్డిలో కోడిపెట్ట ఉంది, పెట్ట కింద గుడ్లున్నాయి. జగన్‌మోహన్ రెంటి చుట్టూ తిరిగి, వంపులు చూసి, గాలిలో స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ ఊహించి తేల్చుకున్నాడు. బర్రెది ఎడమది. కోడి కూర్చున్నదే తనక్కావాల్సిన కుడిది! ఫుట్‌బోర్డు ముక్క కూడా గట్టిగా ఉంది.

"పెద్దమ్మా, గా కోడిని జర గంపల కూసోబెట్టి, గిది నాకియ్యరాదు?"

"ఏం మాటరా బిడ్డా! పొదిగే కోడిని కదిలిస్తరా ఎవలన్న? ఒక్కపారి లేచిందంటె మల్ల కూసోదు. గుడ్లన్ని మురిగిపోతయ్."

"పెండ్లి ఉంది పెద్దమ్మా..."

"నీకు పెండ్లి, దానికి పురుడు. ఏది ముందుగాల?"

జగన్‌మోహన్ చెయ్యి ముందుకు చాపి చూశాడు. పెట్ట ముక్కుతో ఒక్క పోటు పెట్టింది. పేరే పెట్ట, దాని పట్టుకు ఎదురేముంది!

"పిల్లలు దిగినంక తీస్కపో," అంది పార్వతమ్మ. "పెండ్లికి ముందే దిగుతయ్. ఫికర్ జెయ్యకు."

తిరిగొచ్చాక సిద్ధప్ప అడిగాడు. "ఏమన్నా, అంబాసిడర్‌ది బిగించాల్నా?"

కోడి ఆలస్యం చేస్తే పెళ్లి పోతుంది, పెళ్లి పోతే బండి పోతుంది. ఇది బిగిస్తే బండి ఉంటుంది కానీ, ఆ బండిని పిలిచేవాడుండడు. జగన్‌మోహన్ వేలు నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. కోడి పొడిచిన వేలే.

"అడిగినోళ్లకు ఇచ్చెయ్ సిద్ధప్పా."

ఇంట్లో ఈ సంగతి విన్న భాగీరథి నెత్తి కొట్టుకుంది. "మంది బండ్లు పెట్రోలు మీద నడుస్తయ్. మా ఆయన బండి గుడ్ల మీద నడుస్తదట!"

పెళ్లి రేపనగా జగన్‌మోహన్, సిద్ధప్ప చెరకు ట్రాక్టరెక్కి రాయికోడ్ పోయారు. పిల్లలు దిగాయి! పెట్ట కూడా దిగి, పిల్లల్ని వెంటేసుకుని దొడ్డంతా తిరుగుతోంది. సిద్ధప్ప గడ్డి దులిపి, మడ్‌గార్డును బోర్లించి, బండికి పట్టినట్టు పట్టి, అలాగే ఉండిపోయాడు.

"అన్నా, ఇది ఎడమది."

"ఏమంటున్నవ్రా?"

"తిరగేసి ఉన్నదాన్ని చూసినవ్ నువ్వు. చెప్పును బోర్లేసి చూస్తె ఎడమది కుడిదోలె కొడ్తది."

జగన్‌మోహన్ కూలబడ్డాడు. ఇన్నాళ్లు కోడికి మొక్కింది ఇందుకా! కళ్ల ముందు పిండిగిర్ని గిరగిరా తిరిగింది. గిర్ని వెనకాల భాగీరథి, భాగీరథి చేతిలో తూకంరాయి. ఎదురుగా బర్రె, అంతా తనదే అన్నట్టు జుర్రుమని తాగుతోంది. దాన్ని చూస్తూ చూస్తూ ఒక్కసారిగా లేచాడు.

"సిద్ధప్పా! తిరగేసిన కుడి ఎడమయితె, తిరగేసిన ఎడమ ఏమైతది?"

ఇద్దరూ బర్రె వైపు పరుగెత్తారు. కుడితిలో ఉన్నదే కుడిది. దాని ఫుట్‌బోర్డు ముక్క కూడా గట్టిగానే ఉంది.

"గది కావాల్నా?" పార్వతమ్మ బుగ్గన వేలేసుకుంది. "అడిగితె ఆనాడే ఇద్దును గద కొడుకా! బర్రె ఏమన్న పొదుగుతదా?"

కోడి ఖాళీ చేసిన దానికి తారు పూసి బర్రెకిచ్చి, బర్రెది కడుక్కుని తెచ్చుకున్నారు. మర్నాడు మధ్యాహ్నానికి బోల్టులు బిగిశాయి, రంగెయ్యడానికి మాత్రం పొద్దు చాల్లేదు. నల్లకారుకు వెలిసిన నీలం రెక్కతోనే ఆస్టిన్ బారాత్‌కు బయల్దేరింది.

బ్యాండు మోగింది. పెళ్లికూతురి తమ్ముడు శివరాజ్ ఫుట్‌బోర్డెక్కి రెండుసార్లు ఎగిరి చూశాడు. బోర్డు కిక్కురుమనలేదు. బావ భుజమ్మీద చెయ్యేసి, "పోనియ్ అన్నా!" అన్నాడు. జగన్‌మోహన్ గేరేశాడు.

బజారు మూలన ఆడవాళ్లతో నిలబడి చూస్తున్న భాగీరథిని ఝరాసంగం నుంచి వచ్చిన బస్వరాజ్ అనే పెద్దమనిషి అడిగాడు.

"గా బండి ఎవలదమ్మా? మా పిల్ల పెండ్లి ఉన్నది మాఘంల."

"మా బండే. మడ్‌గార్డుకు నల్లరంగు ఏసినంక పంపిస్తం."

"ఎందుకమ్మా, నీలంగనే ఉండనియ్యి. బామ్మర్ది ఏ దిక్కు ఎక్కాల్నో దూరంకెల్లే ఎరుకైతది."

భాగీరథి నీలం రెక్కను ఇంకోసారి తేరిపార చూసింది. "అట్లయితె తారీకు ఇప్పుడే చెప్పు పటేలా, ఆఖర్ల చెప్పి ఆగం చెయ్యకు," అని, ఆ తర్వాత బ్యాండును మించిన గొంతుతో బండిని కేకేసింది.

"ఓ అయ్యా! మలుపు కాడ జర మెల్లగ తిప్పు, ఫుట్‌బోర్డు మీద పిల్లగాడున్నడు!"