షమీమ్ ఎక్కిన కనుమ

కాజాలో విప్పాల్సిన కట్టును నిఖత్ విప్పలేదు. తప్పు అదొక్కటే. మిగిలినదంతా దాని వెనకాలే వచ్చింది.

నిఖత్‌కు నలభై రెండేళ్లు. ఆదోనిలో తండ్రి ఖాసిం సాబ్‌తో ఉంటుంది. ఆయన పత్తి మార్కెట్ యార్డులో కాటా దగ్గర ముప్పై ఏళ్లు నిలబడి, ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాడు. ఆమె కొన్నాళ్లు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పింది. తర్వాత అది మానేసి ఊళ్లు తిరగడం, తిరిగిన ఊళ్ల గురించి తెలుగులో బ్లాగు రాయడం పనిగా పెట్టుకుంది. ఏ దారికి ఏ బస్సు, ఎక్కడి టీ తాగకూడదు, ఒంటరి ఆడమనిషికి ఏ లాడ్జిలో గడియ గట్టిగా పడుతుంది, అన్నీ సూటిగా రాసేది. నెలకు ఇరవై రోజులు తిరిగినా మీ ముఖంలో అలసట కనిపించదేమండీ అని చదివేవాళ్లు అడిగేవాళ్లు. సామాను తగ్గించండి, నీళ్లు ఎక్కువ తాగండి అని జవాబు రాసేది.

అసలు సంగతి ఆదోనిలో, ఎమ్మిగనూరులో అందరికీ తెలుసు. ప్రయాణం పోయేవాళ్ల కుడిచేతికి, మోచేతి పైన, లోపల నాణెం పెట్టి కుట్టిన ఆకుపచ్చ గుడ్డ కట్టడం వాళ్ల ఇళ్లలో ఆచారం. ఇమాం జామిన్ అంటారు. ఎక్కడికి పోతున్నదీ పేరు చెప్పి కట్టించుకోవాలి. అక్కడికి చేరగానే విప్పి, ఆ నాణెం లేనివాళ్ల చేతిలో పెట్టాలి. విప్పేదాకా పోయినవాళ్ల అలసట కట్టినవాళ్లకు వస్తుంది. తిరుగు దారికి కట్టు ఉండదు, ఎవరి అలసట వాళ్లదే. కట్టే పని ఇంటి ఆడవాళ్లది. ఇంట్లో ఉండేది వాళ్లే కదా. ఖాసిం సాబ్ హజ్‌కు పోయినప్పుడు ఆయన భార్య, ఆయన జిద్దాలో దిగి విప్పేదాకా మంచం దిగలేదు. ఆమె చనిపోయాక ఆ పని చిన్న కూతురు షమీమ్‌కు వచ్చింది.

షమీమ్ నిఖత్ కంటే ఆరేళ్లు చిన్నది. ఎమ్మిగనూరులో భర్త షాకిర్‌కు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. ఆమె ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేది. నిఖత్ ఏ తేదీన ఎక్కడ ఉండేదీ ముందే ఫోనులో పంపేది. ఆ లెక్కన షమీమ్ గుడ్డలు ఒప్పుకునేది. అక్క రైల్లో ఉండే రోజుల్లో నడుం నొప్పితోనే కుట్టొచ్చు. కొండలెక్కే రోజుల్లో పాదం మిషను మీద ఆనదు. అందుకని పెళ్లిళ్ల కాలంలో వచ్చినవాళ్లు కొలతలు ఇచ్చే ముందు, మీ ఆపా యాడుంది ఇప్పుడు అని అడిగేవాళ్లు. షాకిర్ సాయంత్రం రాగానే బకెట్లో వేడినీళ్లు పోసి ఉప్పు వేసేవాడు. ఎదురింటి అంగన్‌వాడీ ఆయా మరియమ్మ ఒకసారి షమీమ్ వాచిన పాదాలు చూసి, "మీ ఆపకు దేశమంతా తిరగడానికి నీ కాళ్లే దొరికినాయా?" అంది. షమీమ్ నవ్వింది. నేనైతే ఎమ్మిగనూరు దాటలేదు గానీ నా కాళ్లు కాశ్మీరు చూసినాయి అంది.

మొదట్లో నిఖత్ చేరిన రోజే విప్పేది. తర్వాత మర్నాడు విప్పేది. ఆ తర్వాత తిరుగు రైలెక్కే ముందు విప్పడం అలవాటయింది. ఎవరినీ మోసం చేస్తున్నాననుకోలేదు. కట్టు ఉంటే రోజుకు రెండు ఊళ్లు ఎక్కువ చూడొచ్చు, అంతే.

పోయిన ఏడాదికి ముందటి ఏడాది జూన్‌లో మంచుకొండల్లో ఉన్న స్పితి లోయకు, అక్కడి కాజా ఊరికి బయలుదేరింది. కట్టించుకోవడానికి ఎమ్మిగనూరు పోయినప్పుడు షమీమ్ ముడి వేస్తూ, ఎప్పుడూ అడగని మాట అడిగింది.

"ఈసారి కాజా చేరినంక విప్పుతావు గదా ఆపా?"

"విప్పుతాలే."

"చేరిన రోజే."

"విప్పుతానంటి గదా."

షమీమ్‌కు అప్పుడు రెండున్నర నెలలు. పెళ్లయిన పదకొండేళ్లకు. మూడో నెల నిండేదాకా బయట చెప్పకూడదని ఇంట్లో పద్ధతి. భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బస్సు కుదుపుల దాకా ఫరవాలేదు, బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు అని లేడీ డాక్టరు చెప్పింది. కాజా దాకా బస్సే కదా అని షమీమ్ లెక్క వేసుకుంది. నేను ఈసారి కట్టలేను అనొచ్చు. అంటే ఎందుకని అడుగుతుంది అక్క.

కాజాలో దిగిన సాయంత్రం నిఖత్‌కు పుణె నుంచి వచ్చిన ఒక జట్టు కలిసింది. మర్నాడు పొద్దున్నే పైన ఒక కనుమకు పోతున్నారు, ఎక్కడానికి మూడు రోజులు. తెలుగులో ఆ దారి గురించి అంతవరకు ఎవరూ రాయలేదు. నిఖత్ కట్టు మీద చెయ్యి పెట్టుకుని చూసి, చొక్కా చెయ్యి కిందికి లాగేసింది. వచ్చాక విప్పుదామనుకుంది.

ఆ మూడు రోజులూ జట్టులో కుర్రవాళ్లు రాళ్ల మీద కూలబడి ఊపిరి కోసం నోళ్లు తెరుస్తుంటే, నిఖత్ ముందు నడుస్తూ వీడియో తీసింది. మూడో రోజు కనుమ మీద నిలబడి ఈల వేసింది. అది వీడియోలో ఉంది.

కిందికి దిగి సిగ్నలు తగిలేసరికి షాకిర్ చేసినవి పద్నాలుగు కాల్స్ కనిపించాయి. మాట ఒక్కటీ రాయలేదు. నిఖత్ అక్కడే రోడ్డు పక్క కట్టు విప్పి, కంకర కొడుతున్న ఒక ముసలామె చేతిలో నాణెం పెట్టి, ఫోను చేసింది. మొదటి రోజు సాయంత్రానికి షమీమ్ పెదాలు నీలమయ్యాయి. రెండో రోజు ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. మూడో రోజు మధ్యాహ్నం కడుపు పోయింది. ఆడపిల్లో మగపిల్లాడో ఎవరికీ తెలియని వయసు దానిది.

ఇంటికి నాలుగు రోజుల దారి. తన నడుం, తన మోకాళ్లు ఎలా నొప్పెడతాయో ఆమెకు అప్పుడే సరిగా తెలిసింది.

ఎమ్మిగనూరులో షాకిర్ తలుపు తీసి పక్కకు జరిగాడు. తిట్టలేదు. ఫోనెత్తుతావని చేసినా ఆపా అన్నాడు, అంతే. ఇంక పిల్లలు కష్టమని డాక్టరమ్మ చెప్పిన సంగతి మరియమ్మ గడప దగ్గరే చెప్పింది.

షమీమ్ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిఖత్ మంచం పక్కన నేల మీద కూర్చుంది. షమీమే ముందు అడిగింది.

"పైన ఏముండె ఆపా?"

నిఖత్‌కు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు.

"ఏం లేదు. రాళ్లు. కట్టెలు నాటి రంగుగుడ్డలు కట్టినారు. గాలి."

"అంతేనా?"

"అంతే."

షమీమ్ పాదాలు ఇంకా వాచే ఉన్నాయి. నిఖత్ ఉప్పునీళ్లు పెట్టబోతే కాళ్లు దగ్గరికి లాక్కుంది.

నిఖత్ బ్లాగులో ఆ తర్వాత ఏమీ రాయలేదు. ఏమైందండీ అని కొన్నాళ్లు అడిగారు, మానేశారు. ఆమె మళ్లీ ప్రయాణం పెట్టుకోలేదు. ఒక ట్యుటోరియల్‌లో పాఠాలకు కుదిరింది. వారానికోసారి ఎమ్మిగనూరు పోయి వచ్చేది. షమీమ్ మిషను ముందు కూర్చునేది, కుట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది.

మరుసటి ఏడాది మే నెలలో ఒక పొద్దున షమీమ్ చిన్న సంచీతో ఆదోని బస్సు దిగి ఇంటికొచ్చింది. తండ్రి పక్కన కూర్చుని టీ తాగింది. గ్లాసు కింద పెట్టి, సంచీలోంచి తానే కుట్టుకొచ్చిన ఆకుపచ్చ గుడ్డ తీసి అక్క ముందుంచింది.

"నాకు కట్టు."

ఖాసిం సాబ్ యాడికమ్మా అన్నాడు. ఆ కనుమకు అంది. ఒంటరిగా ఎట్లా పోతావు, షాకిర్ ఏమంటాడు అని ఆయన గొణిగాడు. షాకిర్ టికెట్టు తీసిచ్చినాడంది. తర్వాత అక్కవైపు తిరిగింది.

"నేను ఎక్కిన కొండ నేను సూడొద్దా ఆపా?"

నిఖత్ లేచి కట్టింది. ఎప్పుడూ కట్టించుకోవడమే గానీ కట్టి ఎరగదు. ముడి రెండుసార్లు జారింది.

రైలు కదిలిందో లేదో నిఖత్‌కు నడుం పట్టేసింది. ఢిల్లీ దాటాక తల తిరగడం మొదలైంది. కొండదారి బస్సు కుదుపులు మంచం మీద పడుకున్నా వదల్లేదు. ట్యుటోరియల్‌కు సెలవు చెబితే వాళ్లు కారణం అడగలేదు. చెల్లెలు ఊరికి పోయిందంటగా అన్నారు. షమీమ్ కనుమ ఎక్కిన మూడు రోజులూ ఖాసిం సాబ్ పెద్ద కూతురి తల తన ఒళ్లో పెట్టుకుని విసనకర్రతో విసిరాడు. ఒక్కో ఊపిరి లోపలికి లాగడానికి ఎంత పని ఉందో చూస్తూ, మూడో రోజు మధ్యాహ్నం అది ఏ వేళో గుర్తొచ్చి, నిఖత్ గట్టిగా ఏడ్చింది. ఏడాది పాటు ఏడవనిది ఏడ్చింది.

షమీమ్ ఒక ఫోటో పంపింది. రాళ్లు, రంగుగుడ్డలు. కింద ఏమీ రాయలేదు.

ఇప్పుడు విప్పుతుందిలే అని అందరూ అనుకున్నారు. మర్నాడు నిఖత్ కాళ్లు మళ్లీ లాగాయి. ఆ మర్నాడు కూడా. నాలుగో రోజు కబురొచ్చింది. ఇంకొంచెం ముందుకు పోతాండా ఆపా, అవతల ఇంకో లోయ ఉంది. తర్వాత ఏదో ఊళ్లో గుడ్డలు కుట్టే పని దొరికిందని, చలికాలం అక్కడే ఉంటానని రాసింది. మంచు కరిగాక ఇంకా పైకి పోయింది.

శుక్రవారం నమాజు అయ్యాక షాకిర్ ఎమ్మిగనూరు నుంచి వచ్చి కుర్చీ అంచున కూర్చుంటాడు. ఈరోజు ఎట్లుంది ఆపా అని అడుగుతాడు. నిఖత్ మోకాళ్లు తడుముకుని, దిగుతాండాదనో, కూర్చుని కుడతాండాదనో చెబుతుంది. అతను తలూపి, టీ తాగి పోతాడు.

మొదటి చలికాలంలో నిఖత్ పెదాలు పగిలి, పాదాలు చెప్పుల్లో పట్టనప్పుడు ఖాసిం సాబ్ ఇంక ఊరుకోలేకపోయాడు. నువ్వు పెద్దదానివి, కట్టింది నువ్వు, విప్పమని ఒక్క మాట చెప్తే వింటుంది, ఫోన్ చెయ్యి అన్నాడు. ఆ మాట అప్పుడు షాకిర్ కూడా అన్నాడు, తల వంచుకుని.

"సెప్పను నాయనా," అంది నిఖత్. "దానంతట అది విప్పితే విప్పుతుంది."

ఆ తర్వాత షమీమ్ చాలాసార్లు ఫోన్ చేసింది. ఎట్లుండావు ఆపా అని అడిగినప్పుడల్లా, బాగుండా, నువ్వు నీళ్లు తాగు అని చెప్పింది నిఖత్. విప్పమని ఇంతవరకు చెప్పలేదు.